పసుపు పెట్టిన రెక్క

సార్ పోయాడన్న కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కబురుతో పాటు ఎవరో ఒక పాత ఫొటో కూడా పెట్టారు. దసరా పూజ ఫొటో. బల్ల మీద ఐదడుగుల రెక్కల బొమ్మ విమానం, ఆ రెక్కల నిండా పసుపు, పసుపు మధ్య కుంకుమ బొట్లు, ముక్కుకు బంతిపూల దండ. పక్కన నీలం యూనిఫాంలో సార్. ఆ పక్కన ముఖ్య అతిథిగా వచ్చిన నాయకుడొకాయన. హారతి పళ్లెం పట్టుకుని పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న పిల్లను నేను.

ఫొటో కింద వరసపెట్టి ఓం శాంతులు. ఒకడు 'క్రమశిక్షణకు మారుపేరు' అన్నాడు. ఇంకొకామె 'మాకు రెక్కలిచ్చిన గురువు' అని రాసి రెండు పువ్వులు పెట్టింది. రెక్కలిచ్చిన గురువట! ఛీ! చదువుతుంటే నా నోట్లోకి డాంబర్ గోళీల వాసన వచ్చింది. బట్టల పెట్టెల్లో పురుగు పట్టకుండా వేసే ఆ తెల్ల గోళీలకూ సార్‌కూ సంబంధమేమిటో చెబుతాను.

పోయిన మనిషి గురించి మంచే మాట్లాడాలని మా ఇంట్లోనూ నేర్పారు. కానీ ఆయన్ని 'అన్నారు, చేశారు' అని రాయడానికి కూడా నాకు చెయ్యి రావడం లేదు. అన్నాడు, చేశాడు అనే రాస్తాను. ఎవరికైనా కష్టమైతే కానివ్వండి.

నిజామాబాద్‌లో నేను డిగ్రీ చదివిన కాలేజీలో ఎయిర్ వింగ్ ఉండేది. ఆదివారాలు పరేడ్ చేయించి, విమానాల పాఠాలు చెప్పి, బొమ్మ విమానాలు కట్టడం నేర్పించి, బాగా చేసిన కాడెట్లను హైదరాబాద్ పంపి నిజం విమానం ఎక్కించే శిక్షణ అది. కాగితం మీద అయితే అంతే. మా దగ్గర దాని ఇన్‌ఛార్జి సార్. కామర్స్ లెక్చరర్. ఎక్కడో కొన్ని వారాలు ట్రైనింగ్ చేసి వచ్చి భుజాల మీద పట్టీలు తగిలించుకున్నాడు. ఆయన విమానం ఎక్కాడో లేదో మాకెవరికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

యూనిఫాం మాత్రం చూడాలి. మడత నలగకుండా కుర్చీ అంచు మీద సగమే కూర్చునేవాడు. ఎడమ జేబులో ఎప్పుడూ రెండు డాంబర్ గోళీలు ఉండేవి. అదే జేబులో చాక్లెట్లు. ఎవరి మీదైనా ప్రేమ పుడితే అందులోంచే ఒకటి తీసి 'తిను బిడ్డా' అనేవాడు. తినకపోతే ఊరుకునేవాడు కాదు, నమిలేదాకా నోటి వంకే చూసేవాడు. వేలు నాలుకకు అద్దుకుని హాజరు పుస్తకం పేజీలు తిప్పేవాడు. తిప్పి, అదే తడి వేలితో మా టోపీలు సరిచేసేవాడు. పరేడ్ అవగానే నేను నల్లా దగ్గరికి పరుగెత్తి నుదురు రుద్ది రుద్ది కడుక్కునేదాన్ని.

పాఠమంటే పచ్చబడ్డ నోట్సు. "విమానం గాల్ల లేవడానికి కారణాలు నాలుగు. రాసుకోండ్రి" అని మొదలుపెట్టేవాడు. ఒకసారి ఎవరో లేచి, "సార్, మరి తలకిందులుగ ఎట్ల ఎగుర్తది?" అని అడిగారు. "నువ్వు ముందుగాల నిటారుగ నిలబడు" అన్నాడు. అంతే, ఆ ఏడాది ఇంకెవరూ ఏ ప్రశ్నా అడగలేదు.

ఆయనకు తెలిసిన అసలు శిక్షణ ఒకటే, ముఖ్య అతిథిని లోపలికి తీసుకురావడం. కాలేజీకి ఎవరు వస్తున్నా, ఆఖరికి రక్తదాన శిబిరం ప్రారంభించడానికి వచ్చినా, నెల ముందు నుంచి రిహార్సల్. గేటు నుంచి స్టేజీ దాకా మమ్మల్ని రెండు వరసల్లో నిలబెట్టేవాడు. ఎవరు బొకే ఇవ్వాలి, ఎవరు గొడుగు పట్టాలి, ఎవరు కత్తెర పళ్లెం పట్టుకోవాలి అని పేర్లు చదివేవాడు. రిహార్సల్‌కు ముఖ్య అతిథి ఉండడు కదా. ఆ లోటు తనే తీర్చేవాడు. గేటు బయటికి వెళ్లి, గొంతు సవరించుకుని, రెండు చేతులూ జోడించి, అటూ ఇటూ తల ఊపుతూ మా మధ్య నుంచి నడిచి వచ్చేవాడు. ఖాళీ చేతులతో మేమిచ్చే ఉత్తుత్తి బొకేలు అందుకుని వెనక్కి అందించేవాడు. ఆ క్షణాన ఆ ముఖంలో ఎంత తృప్తి! "ఇంకొక్కపారి" అనేవాడు. ఎర్రటి ఎండలో ఒక్కోరోజు ఆరుసార్లు వచ్చేవాడు. ఆరుసార్లూ మేము సెల్యూట్ కొట్టేవాళ్లం.

వింగ్ గదిలో ఒక అద్దాల అల్మారా ఉండేది. పై అరల్లో మా ముందు బ్యాచుల వాళ్లు కట్టిన నాలుగు విమానాలు దుమ్ము పట్టి ఉండేవి. వాటిలో ఒక్కటీ ఎన్నడూ నేల విడవలేదు. తాళంచెవి సార్ మొలతాడుకు వేలాడేది. "ఎగిరితె పగుల్తది బిడ్డా. పెట్టిన కాడ పెడితె పదేండ్లుంటది" అనేవాడు. మూడేళ్లలో ఆ మాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో!

అలాంటి మనిషి చేతి కింద నస్రీన్, నేను ఒక విమానం కట్టాం.

మాది బోధన్ పక్క ఊరు. నస్రీన్‌ది బోధన్ బజారు. ఆదివారం పొద్దున్నే మొదటి బస్సులో ఇద్దరం కలిసి నిజామాబాద్ వచ్చేవాళ్లం. వాళ్ల నాన్న దర్జీ, నేను చాచా అని పిలిచేదాన్ని. ఆయన దుకాణంలో ఇద్దరు ముగ్గురు పనివాళ్లు ఉండేవారు. వాళ్లు కుట్టిన ప్రతి బట్టనూ చాచా చేతిలోకి తీసుకుని, కుట్టుకు అటూ ఇటూ పట్టి గట్టిగా ఒక గుంజు గుంజి చూసేవాడు. గుంజుకు నిలిచిందే గిరాకీకి వెళ్లేది. నస్రీన్ కుట్టిన బట్టను మాత్రం గుంజేవాడు కాదు. చేతిలోకి తీసుకుని, చూడకుండానే మడతపెట్టేవాడు. "మా పిల్ల చెయ్యి నాకు ఎర్కనే" అనేవాడు. నస్రీన్‌కు అంతకు మించిన మెడల్ లేదు.

మేము కట్టింది ఇంజను లేని విమానం, గ్లైడర్. పొడుగాటి దారంతో పతంగిలా పైకి గుంజి వదిలితే గాలి మీద తేలుతుంది. బాల్సా అని దూదిలాంటి తేలిక కర్ర, దాని మీద పతంగి కాగితం కంటే పల్చటి కాగితం. నడుము, తోక నేను చేశాను. రెక్క నస్రీన్ చేసింది. ఆ కాగితం ముడత లేకుండా పరచడానికి ఊపిరి బిగపట్టి కూర్చునేది. అంటించే గోందు అగ్గిపుల్లతో పెట్టేది. నాలుగు నెలల పని అది.

ఒక ఆదివారం సార్ ఏదో పెళ్లికి పోయి పరేడ్‌కు రాలేదు. విమానం ఇంకా అల్మారాలోకి ఎక్కలేదు. గ్రౌండ్‌లోకి తీసుకుపోయి ఎగరేశాం. నేను దారం పట్టుకుని పరుగెత్తాను, నస్రీన్ వదిలింది. అది నీళ్లట్యాంకు కంటే పైకి పోయి, దారం విడిచి, మా నెత్తి మీద మూడు చుట్లు తిరిగి, మెల్లగా గడ్డిలో కూర్చుంది. నస్రీన్ అరవలేదు, ఎగరలేదు. "రెక్క సాఫ్ ఉంది" అన్నది. అంతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మరుసటి వారం తెలిసి సార్ మమ్మల్ని గంటసేపు ఎండలో నిలబెట్టాడు. విమానాన్ని అల్మారాలో పెట్టి తాళం వేశాడు. దసరా తర్వాత పది రోజులకు హైదరాబాద్ నుంచి ఆఫీసర్ వచ్చి మా విమానం ఎగరేయించి చూస్తాడనీ, మా కాలేజీ నుంచి ఒక్క కాడెట్‌ను విమానం ఎక్కించడానికి ఎంపిక చేస్తాడనీ అప్పుడే చెప్పాడు. ఒక్కరే. నస్రీన్, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

దసరాకు మా వైపు బండికీ, మిషన్‌కూ, నాగలికీ అన్నిటికీ పసుపు కుంకుమ పెడతారు. బైకుకు పెడతాం, కుట్టుమిషన్‌కు పెడతాం, తప్పేం లేదు, ఇనుము కడిగితే పోతుంది. సార్‌కు మా గ్లైడర్ గుర్తొచ్చింది. ముఖ్య అతిథిని పిలిచాడు. ఫొటోగ్రాఫర్‌ను పిలిచాడు. గిన్నెడు పసుపు చిక్కగా కలిపించి, పల్చటి ఆ కాగితం మీద, ముఖ్య అతిథి చేత అరచేతులతో పూయించాడు. కొబ్బరికాయ కొట్టి నీళ్లు తోక దాకా చల్లించాడు. నేను పళ్లెం పట్టుకుని ఫొటోకు నవ్వాను.

అందరూ ప్రసాదానికి పోయాక నస్రీన్ మెల్లగా దగ్గరికొచ్చింది. "సార్, కాయిదం తడిసింది. గాలికి ఆరవెట్టాలె. నేను తుడుస్త" అంటూ చెయ్యి చాచింది.

సార్ ఆ చేతిని పక్కకు తోశాడు. "పూజ చేసిందాన్ని నువ్వు ముట్టకు" అన్నాడు. ఆ 'నువ్వు' అన్న మాట పలికిన తీరు ఇప్పటికీ చెవిలో ఉంది. ఛీ, ఏం మనిషి! తర్వాత తడి తడిగానే ప్లాస్టిక్ కవరు చుట్టి అల్మారాలో పెట్టి తాళం వేశాడు. నేను పక్కనే ఉన్నాను. చేతిలో లడ్డూ ఉంది.

పది రోజుల తర్వాత ఆఫీసర్ వచ్చిన రోజున అల్మారా తెరిస్తే పసుపు, బూజు కలిసిన వాసన గుప్పుమంది. కాగితం అక్కడక్కడ ముడుచుకుపోయింది. ఎడమ రెక్క ఎండలో వదిలేసిన అప్పడంలా మెలి తిరిగింది. నస్రీన్ ముఖం తెల్లబోయింది. "సార్, రెక్క తిరిగింది. ఎగరెయ్యొద్దు సార్, పడ్తది. రెండు దినాలు టైం అడుగుండ్రి" అన్నది.

"ఆఫీసర్ నిలవడ్డడు, కనవడ్తలేదా? నోర్మూస్కొని వట్టుకో" అన్నాడు సార్, నవ్వు ముఖం ఆఫీసర్ వైపు పెట్టుకునే.

నేను పరుగెత్తాను. కొబ్బరిచెట్టంత ఎత్తు లేచింది. ఎడమకు వాలింది. గిర్రున రెండు చుట్లు తిరిగి ముక్కు కింద పెట్టి నేలను గుద్దుకుంది. నాలుగు నెలల పని నాలుగు ముక్కలైంది. ఏమైందని ఆఫీసర్ అడిగాడు. సార్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రెక్క అతికిచ్చిన పిల్ల గోందు సక్కగ పెట్టలే సార్" అన్నాడు. రాతపూర్వకంగా ఇవ్వండి అని చెప్పి ఆఫీసర్ టీ తాగడానికి వెళ్లాడు.

సార్ నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. రెక్క తయారు చేసిన కాడెట్ నిర్లక్ష్యం వల్ల విమానం కూలింది. కింద సాక్షి సంతకం నాది కావాలి.

"సార్, పూజల తడిసింది గద..." అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. గొంతు పెంచలేదు. "పెద్దమనిషి చేతుల మీద అయిన పూజల తప్పు తీస్తవా? చూడు బిడ్డా, లిస్టుల ఒక్క పేరే పోతది. నీ పేరు రాయాల్నా, వద్దా? నువ్వే చెప్పు."

సంతకం పెట్టాను. బెదిరించాడని, చిన్నపిల్లనని, ఇంకేదో అని ఇన్నేళ్లుగా నాకు నేనే ఎన్ని చెప్పుకున్నానో! అవేవీ నిజం కాదు. నాకు విమానం ఎక్కాలని ఉండింది, అందుకే పెట్టాను. సార్ వేలు నాలుకకు అద్దుకుని కాగితం తిప్పి సంతకం చూశాడు. జేబులోంచి చాక్లెట్ తీసి, "తిను బిడ్డా" అన్నాడు. డాంబర్ వాసన కొడుతున్న ఆ చాక్లెట్‌ను ఆయన చూస్తుండగా చివరిదాకా నమిలి మింగాను.

నస్రీన్‌ను వింగ్‌లోంచి తీసేశారు. ఎందుకని ఆమె నన్ను అడగలేదు. బస్సులో నా పక్క సీట్లో కూర్చోవడం మానేసింది, అంతే. నేను హైదరాబాద్ వెళ్లాను. చిన్న విమానంలో పావుగంట తిప్పారు. కింద చెరువొకటి మెరిసింది. దిగాక వాంతి చేసుకున్నాను. మొదటిసారి ఎక్కినవాళ్లకు మామూలే అని వీపు తట్టారు.

తిరిగొచ్చాక బోధన్ బస్టాండ్‌లో చాచా కనిపించాడు. "బేటా, మా పిల్ల గోందు తక్కువ వెట్టిందంట గద. కాలేజీల కాయిదం రాసిండ్రంట. నిజమేనా?" అని అడిగాడు. 'కాదు' అనడానికి నాకు రెండు క్షణాలు చాలు. "బస్సొచ్చింది చాచా" అని పరుగెత్తాను.

ఆ తర్వాత పన్నెండేళ్లు గడిచాయి. నేనిప్పుడు నిజామాబాద్‌లోనే ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. విమానం గాల్లోకి ఎలా లేస్తుందో పిల్లలకు బాగానే చెబుతానని పేరు. మేము రాసిన అబద్ధం కూడా సార్ చెప్పినట్టే, పెట్టిన చోట పెట్టినట్టు చెక్కుచెదరకుండా ఉంది.

కాలేజీలో సంతాపసభ పెట్టారు. నేనూ వెళ్లాను. ఇప్పటి కాడెట్లు గేటు నుంచి స్టేజీ దాకా రెండు వరసల్లో నిలబడి ఉన్నారు, చేతుల్లో బొకేలు. చావు సభకు బొకేలు! ముఖ్య అతిథి ఇంకా రాలేదని సార్ ఫొటోకు దండ కూడా వెయ్యలేదు. గంటన్నర ఆ ఫొటో బోసిగా కూర్చుంది. ఒక పిల్ల కళ్లు తిరిగి కూలబడింది. సార్ చూసి ఉంటే ఎంత సంతోషించేవాడో!

నన్నూ మాట్లాడమన్నారు. చెప్పేద్దామనే మైకు దగ్గరికి వెళ్లాను, ఒట్టు. నా నోట్లోంచి వచ్చిన మాటలేమిటంటే, 'సార్ క్రమశిక్షణకు మారుపేరు. నేను విమానం ఎక్కానంటే సార్ చలవే.' జనం చప్పట్లు కొట్టారు. థూ, నా బతుకు! ఆయన మీద నాకున్న రోత అంతా ఆ చప్పట్లతో నా మీదికే తిరిగింది. కిందికి దిగి, ఎవరితోనూ మాట్లాడకుండా బస్టాండ్‌కు నడిచి బోధన్ బస్సెక్కాను.

దుకాణం ఇప్పుడు నస్రీన్‌ది. కాడెట్ల యూనిఫాంలే కుడుతుందట, నీలం చొక్కాల గుట్టలు కనిపించాయి. చాచా పక్కన కుర్చీలో కూర్చున్నాడు. చూపు తగ్గింది. నస్రీన్ ఒక చొక్కా కుట్టి ఆయన చేతికిచ్చింది. ఆయన చేతులు తడుముతూ భుజం కుట్టు పట్టుకుని గట్టిగా ఒక గుంజు గుంజాయి. తర్వాత చంక కుట్టు. తర్వాత కాలరు. నస్రీన్ తల వంచుకుని ఇంకో చొక్కా అందుకుంది. నా కాళ్లు గడప దగ్గరే ఆగిపోయాయి.

"సార్ పోయిండు" అన్నాను.

"గ్రూపుల సూసిన" అన్నది నస్రీన్, మిషన్ ఆపకుండా.

"నస్రీన్, ఆ రెక్కల తప్పు లేకుండె. పసుపుతోని తడిసి తిరిగింది. నేను ఎర్కుండే సంతకం వెట్టిన."

అప్పుడు మిషన్ ఆగింది. ఆమె నా ముఖంలోకి చూసింది. కోపం లేదు. ఉంటే బాగుండు. "నాకు ఎర్క లేదా? అల్మార తీసిన్నాడే వాసన వచ్చింది. నాకెందుకు చెప్తున్నవ్?" అని గడ్డంతో పక్క కుర్చీ వైపు చూపించింది. "ఆయనకు చెప్పు."

చాచా ముందు నేల మీద కూర్చుని మొత్తం చెప్పాను. పూజ, పసుపు, కొబ్బరినీళ్లు, తాళం, కాగితం, సంతకం, విమానం, ఏదీ దాచలేదు.

"తడిస్తె గుంజుకుంటది గద" అన్నాడు, తనలో తను. "బట్టైనా గంతే, కాయిదమైనా గంతే. దర్జీని, గీ ముచ్చట నాకు తట్టకపాయె." తల ఎత్తి, "ఆ సారు ఏడున్నడు?" అని అడిగాడు.

"పోయిండు చాచా. మొన్ననే."

"నువ్వున్నవ్ గద బేటా" అన్నాడు.

వింగ్‌కు కాగితం రాసిస్తాను, గ్రూపులో పెడతాను అని ఏదో అంటున్నాను. ఆయన వినడం లేదు. నస్రీన్ కుట్టడం అయిన చొక్కా ఆయన ఒడిలో పెట్టింది. పన్నెండేళ్ల అలవాటు, ఆయన వేళ్లు భుజం కుట్టుకు అటూ ఇటూ పట్టుకున్నాయి. అక్కడే ఆగాయి. కాసేపలా పట్టుకునే ఉండి, గుంజకుండా వదిలి, చొక్కాను మడతపెట్టి గుట్ట మీద పెట్టాడు. నస్రీన్ ముఖం పక్కకు తిప్పుకుని మిషన్‌లోకి దారం ఎక్కించడం మొదలుపెట్టింది. ఎంతసేపటికీ సూదిలోకి దారం ఎక్కలేదు.